వెయ్యి కోట్లలో ఒక వంతు వెలుగు కోసం ఒక టెలిస్కోపు

సూర్యుడిని కాకుండా వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల సంఖ్య 2025 సెప్టెంబరులో 6,000 దాటిందని నాసా ప్రకటించింది. వాటిలో మనం నేరుగా ఫొటో తీయగలిగినవి వంద లోపే. మిగిలిన గ్రహాల్లో దాదాపు అన్నిటినీ వాటి నక్షత్రాల తీరును బట్టే పసిగట్టాం. గ్రహం అడ్డంగా సాగినప్పుడు నక్షత్రపు వెలుగు రవ్వంత తగ్గుతుంది, గ్రహం లాగుడుకు నక్షత్రం కొద్దిగా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. సూర్యుడి వంటి నక్షత్రం దగ్గర మొట్టమొదటి గ్రహాన్ని 1995లో మిషెల్ మేయర్, దిదియే కెలో పట్టుకున్నది ఈ ఊగుడును కొలిచే. ఆ పనికే వారికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ పద్ధతులు ఎంత గొప్పవైనా వాటికి ఒక హద్దు ఉంది. గ్రహం మనకూ దాని నక్షత్రానికీ మధ్యగా సాగాలంటే దాని కక్ష్య మన చూపుకు సమతలంలో ఉండాలి. సూర్యుడి వంటి నక్షత్రానికి భూమి ఉన్నంత దూరంలో తిరిగే గ్రహాల విషయంలో అలా జరిగే అవకాశం రెండు వందలకు ఒకటి మాత్రమే. అంటే మనకు దగ్గర్లోని నక్షత్రాల దగ్గర భూమి వంటి గ్రహాలు ఉంటే, వాటిలో చాలా భాగం ఎప్పటికీ తమ నక్షత్రానికి అడ్డురావు. ఊగుడు పద్ధతి గ్రహం బరువు చెబుతుంది గానీ అక్కడి గాలిలో ఏముందో చెప్పదు. అక్కడి గాలిని, నీటి ఆవిరిని, ఆక్సిజన్‌ను చదవాలంటే ఆ గ్రహం నుంచి వచ్చే కాంతిని నక్షత్రపు కాంతి నుంచి విడదీసి పట్టుకోవాలి. ఫొటో కావాలన్న పట్టుదలకు కారణం ఇదే.

హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటోరియంలో ప్రదర్శన చూసి బయటికొచ్చే పిల్లల్లో ఎవరో ఒకరు తప్పక అడగదగ్గ ప్రశ్న ఒకటుంది. అంతరిక్షంలోని వెబ్ టెలిస్కోపు వెయ్యి కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా అవతలున్న గెలాక్సీలను చూపిస్తున్నప్పుడు, ముప్పై కాంతి సంవత్సరాల దూరంలోని గ్రహాన్ని ఎందుకు చూపించలేకపోతోంది? ఇది ఎంతో న్యాయమైన ప్రశ్న. దూరపు గెలాక్సీ మసకగా ఉన్నా దాని చుట్టూ చీకటి ఉంటుంది. గ్రహానికి ఆ చీకటి లేదు. చిక్కంతా దాని పక్కనున్న నక్షత్రంతోనే.

రెండు అంకెలు

గ్రహాలను ఫొటో తీసే టెలిస్కోపుల రూపకల్పన మొత్తం రెండు అంకెల చుట్టూ తిరుగుతుంది. మొదటిది వెలుగుల నిష్పత్తి. భూమి తనకు తానుగా వెలగదు, సూర్యకాంతిని తిప్పికొడుతుంది. దూరం నుంచి చూసేవారికి మన కంటికి కనిపించే కాంతిలో భూమి సూర్యుడి కంటే దాదాపు వెయ్యి కోట్ల రెట్లు మసకగా కనిపిస్తుంది. గురుగ్రహం భూమి కంటే ఎంతో పెద్దదైనా సూర్యుడికి దూరంగా ఉండటం వల్ల దాని వాటా వంద కోట్లలో ఒక వంతుకు మించదు.

రెండో అంకె కోణం. 32.6 కాంతి సంవత్సరాల దూరం నుంచి చూస్తే భూమికీ సూర్యుడికీ మధ్య ఎడం ఆర్క్ సెకనులో (అంటే డిగ్రీలో 3,600వ వంతులో) పదో వంతు ఉంటుంది. చార్మినార్ మీద ఎవరైనా రెండు రూపాయల బిళ్ల పట్టుకుంటే, దాన్ని భువనగిరి కోట మీద నుంచి చూసినప్పుడు ఆ బిళ్ల వెడల్పు దాదాపు అంతే కోణం చేస్తుంది. ఆ బిళ్ల ఒక అంచున నక్షత్రం, మరో అంచున దానికి వెయ్యి కోట్ల రెట్లు మసకైన గ్రహం ఉన్నాయనుకోవాలి.

ఈ రెండు అంకెల్లో ఏ ఒక్కటి మాత్రమే ఉన్నా పని ఇంత కష్టమయ్యేది కాదు. అంత మసక వస్తువు ఒంటరిగా ఉంటే పెద్ద అద్దంతో ఎక్కువసేపు ఫొటో తీస్తే దొరుకుతుంది. అంత దగ్గరగా ఉన్న రెండు వస్తువులు సమానంగా వెలుగుతుంటే ఓ మోస్తరు అద్దమే వాటిని విడదీస్తుంది. రెండూ కలిసి రావడమే అసలు ఇబ్బంది.

హైదరాబాదుకు ఈ ఇబ్బందితో పాత పరిచయం ఉంది. 1901లో నవాబు జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల, 1887లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ ఆకాశ పట పథకంలో భాగం పంచుకుంది. బేగంపేటలో గాజు పలకల మీద ఆకాశాన్ని ముద్రించి, ఒక్కొక్క పలకనూ సూక్ష్మదర్శిని కింద పెట్టి, లక్షల సంఖ్యలో నక్షత్రాల స్థానాలను అక్కడివారు కొలిచారు. అలాంటి పలకల మీద మసక నక్షత్రం సూదిమొనంత చుక్కగా పడుతుంది, ప్రకాశవంతమైన నక్షత్రం పెద్ద మచ్చగా పడుతుంది. ఇంత దూరం నుంచి రెండూ బిందువులే కాబట్టి, ఆ మచ్చ నక్షత్రపు పరిమాణం కాదు, చెదిరిపోయిన దాని వెలుగు. ఆ మచ్చ కిందికి వచ్చిన చిన్న నక్షత్రం పలక మీద లేనట్టే లెక్క.

వెలుగు అలా చెదరడానికి ఒక కారణం గాలి, ఇంకొకటి పలక మీది రసాయనపు పూత. టెలిస్కోపును అంతరిక్షానికి పంపితే గాలి బెడద పోతుంది, డిజిటల్ సెన్సరు పెడితే పూత బెడద పోతుంది. మూడో కారణమైన వివర్తనం మాత్రం ఎక్కడికి వెళ్లినా వెంట వస్తుంది. కాంతి తరంగం కాబట్టి అద్దం అంచుల దగ్గర అది వంగి, బిందువు కావలసిన నక్షత్రం చుట్టూ వలయాలు ఏర్పడతాయి. ఆరు మీటర్ల మేలైన అద్దంతో చూసినా, మనం చెప్పుకున్న ఆ పదో వంతు ఆర్క్ సెకను దగ్గర ఈ వలయాల వెలుగు గ్రహపు వెలుగు కంటే లక్షల రెట్లు ఎక్కువ ఉంటుంది. అద్దాన్ని ఎంత నున్నగా సానపెట్టినా ఈ వలయాలు పోవు, ఎందుకంటే ఇవి అద్దం లోపం వల్ల వచ్చినవి కావు.

కృత్రిమ గ్రహణం

1980 ఫిబ్రవరి 16న తెలుగు నేల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగింది. నగరపు దీపాలకు దూరంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం నెలకొల్పిన జపాల్-రంగాపూర్ వేధశాల ఆ ఛాయ దారిలోనే ఉండటంతో శాస్త్రవేత్తలు అక్కడ గుమిగూడారు. వాళ్లు చూడదలచినది సూర్యుడి చుట్టూ ఉండే కరోనా అనే పలచని వాయువుల పొర. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది, కానీ చంద్రుడు సూర్యబింబాన్ని సరిగ్గా కప్పిన ఆ కొద్ది నిమిషాల్లోనే కంటికి కనిపిస్తుంది.

గ్రహణం కోసం ఎదురుచూడకుండా టెలిస్కోపు లోపలే గ్రహణం పుట్టించవచ్చని 1930 ప్రాంతంలో బెర్నార్ లియో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పిరనీస్ పర్వతాల్లోని పిక్ దు మీది వేధశాలలో నిరూపించాడు. ఆయన కరోనాగ్రాఫ్‌లో తెలివంతా రెండో అడుగులో ఉంది. సూర్యబింబం ఏర్పడే చోట చిన్న బిళ్ల పెట్టి దాన్ని ఆపడం మొదటి అడుగు. అయితే ఆ బిళ్లను తప్పించుకుని, అంచుల దగ్గర వంగిన కాంతి ముందుకు సాగిపోతుంది. ఆ కాంతి తర్వాతి కటకం గుండా వెళ్లినప్పుడు ముందరి కటకం అంచు ప్రతిబింబం చుట్టూ ఒక ఉంగరంలా పోగుపడుతుంది. లియో అక్కడ కొంచెం చిన్న రంధ్రమున్న పలక పెట్టి ఆ ఉంగరాన్ని కత్తిరించాడు. ఆపవలసిన కాంతిని ముందు ఒకచోట గుమిగూడేలా చేసి, ఆ తర్వాత కోసెయ్యడం అన్న ఈ ఆలోచన ఈనాటికీ గ్రహాల కోసం రూపొందే కరోనాగ్రాఫ్‌లకు మూలం.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య-ఎల్1లోనూ కరోనాగ్రాఫ్ ఉంది. దాన్ని చూసి, ఇక గ్రహాల ఫొటోలు కూడా అందుబాటులోకి వచ్చినట్టే అనుకోకూడదు. సూర్యుడి దగ్గరి కరోనా వెలుగు సూర్యబింబపు వెలుగులో పది లక్షల వంతు. భూమి వంటి గ్రహం వెలుగు దానికంటే ఇంకా పది వేల రెట్లు తక్కువ. పేరు ఒక్కటే అయినా ఈ రెండు పరికరాలు ఎదుర్కొనే పరీక్షలు వేర్వేరు.

కరోనాగ్రాఫ్ వలయాలను తీసేశాక మిగిలేది మచ్చలు. అద్దం మీద ఎక్కడో రవ్వంత ఎత్తు, ఎక్కడో రవ్వంత పల్లం ఉంటాయి. అలాంటి ప్రతి అల కూడా నక్షత్రపు వెలుగులో కొంత భాగాన్ని పక్కకు తోసి ఒక చుక్కను పుట్టిస్తుంది. చూడటానికి ఆ చుక్క అచ్చంగా గ్రహంలాగే ఉంటుంది. ఎంత అల ఎంత చుక్కను పుట్టిస్తుందో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. అల ఎత్తును కాంతి తరంగదైర్ఘ్యంతో భాగించి, 2π (సుమారు 6.28)తో గుణించి, వర్గం చేస్తే ఆ చుక్క వెలుగు నక్షత్రంలో ఎన్నో వంతో వస్తుంది. తరంగదైర్ఘ్యం 550 నానోమీటర్లు అనుకుని, ఫలితం వెయ్యి కోట్లలో ఒక వంతు కావాలంటే అల ఎత్తు ఎంతుండాలో వెనక్కి లెక్కవేస్తే సుమారు ఒక పికోమీటరు వస్తుంది. హైడ్రోజన్ పరమాణువు వెడల్పే దాదాపు వంద పికోమీటర్లు. ఆరు మీటర్ల అద్దం మీద పరమాణువులో వందో వంతు ఎత్తున్న అల కూడా ఒక నకిలీ భూమిని చూపించగలదన్నమాట.

అంత నున్నని అద్దాన్ని తయారుచేయడం ఎవరి వల్లా కాదు. అందుకే అద్దం లోపాలను అలాగే ఉండనిచ్చి, వాటికి విరుగుడుగా దారిలో ఇంకో చిన్న అద్దాన్ని పెడతారు. దాని వెనుక వేలాది సన్నని కడ్డీలు ఉంటాయి. ఒక్కొక్క కడ్డీ విద్యుత్తుతో అతి స్వల్పంగా సాగి అద్దం ముఖాన్ని తోస్తుంది లేదా లాగుతుంది. ఏ అల వల్ల ఏ చుక్క పుట్టిందో కనిపెట్టి, దానికి సరిగ్గా వ్యతిరేకమైన అలను ఈ చిన్న అద్దం మీద సృష్టిస్తే రెండు కాంతులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అలా నక్షత్రం పక్కన చీకటి చేసిన ఒక ప్రాంతం తయారవుతుంది. గ్రహాన్ని వెతకాల్సింది ఆ చీకటిలోనే. అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో గాలి తీసేసిన గదిలో ఈ పద్ధతితో చేసిన ప్రయోగాలు, నక్షత్రపు వెలుగును వెయ్యి కోట్లలో నాలుగైదు వంతుల స్థాయికి తగ్గించగలిగాయి. కాబట్టి భౌతిక శాస్త్రం ఈ పనికి ఒప్పుకుంటుందా అన్న అనుమానం ఇప్పుడు లేదు.

కదలకుండా ఉండటం

పత్రికల్లో టెలిస్కోపుల వార్తలు సాధారణంగా అద్దం వెడల్పుతో మొదలై అక్కడే ఆగిపోతాయి. గ్రహాల ఫొటో తీసే టెలిస్కోపు విషయంలో అది సరైన కొలబద్ద కాదని నా గట్టి అభిప్రాయం. ఇక్కడ అడగవలసింది ఆ టెలిస్కోపు ఎంత కదలకుండా ఉండగలదని. దీనికి కారణం ఫోటాన్ల, అంటే కాంతి కణాల, లెక్కలో ఉంది.

ముప్పై రెండు కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న భూమి వంటి గ్రహం నుంచి ఆరు మీటర్ల అద్దం మీద, 100 నానోమీటర్ల వెడల్పున్న రంగుల పట్టీలో, నిమిషానికి పదహారు పదిహేడు ఫోటాన్లు పడతాయి. దారిలోని అద్దాలు, వడపోతలు, కరోనాగ్రాఫ్ మింగేసింది పోగా సెన్సరుకు చేరేవి రెండు మూడు. ఆ కాంతిని ఇరవై భాగాలుగా విడదీసి వర్ణపటం చూడాలంటే ఒక్కో భాగానికి సుమారు పది నిమిషాలకు ఒక ఫోటాన్ వస్తుంది. అదే నిమిషంలో అదే అద్దం మీద నక్షత్రం నుంచి పడేవి పదిహేడు వేల కోట్లు. అందుకే ఒక్కో ఫోటాన్‌నూ విడివిడిగా లెక్కపెట్టే సెన్సర్లు కావాలి, ఒక్క గ్రహం వర్ణపటానికి రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి అదే నక్షత్రం వైపు చూస్తూ ఉండాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చుక్కలను రద్దు చేయాలంటే ముందు వాటిని చూడాలి, చూడాలంటే కాంతి కావాలి. మనం నక్షత్రం పక్కన చీకటిని ఎంత బాగా సృష్టిస్తే, అందులో మిగిలిన తప్పును కనిపెట్టడానికి అందే కాంతి అంత తగ్గిపోతుంది. తగినన్ని ఫోటాన్లు పోగయ్యేదాకా నిమిషాలు, కొన్నిసార్లు గంటలు ఆగాలి. ఆ వ్యవధిలో టెలిస్కోపు పికోమీటర్ల మేరకు మారినా మనం సరిదిద్దేది పాత తప్పునే అవుతుంది. స్థిరమైన లోపం ఎంత పెద్దదైనా దాన్ని సరిదిద్దే వీలుంది. నెమ్మదిగా మారే లోపం ఎంత చిన్నదైనా ఈ పనికి ప్రమాదకరం.

హబుల్‌తో ఈ పని ఎందుకు కాదో దీన్నిబట్టి అర్థమవుతుంది. హబుల్ దాదాపు 95 నిమిషాలకోసారి భూమిని చుట్టి వస్తూ, ప్రతి చుట్టులోనూ ఎండలోంచి నీడలోకి, నీడలోంచి ఎండలోకి వెళుతుంది. ఆ వేడికీ చలికీ దాని కట్టడం సాగుతూ కుదించుకుంటూ ఉంటుంది. మామూలు ఫొటోలకు అది పెద్ద లెక్కలోది కాదు. గ్రహాల ఫొటోకు మాత్రం అది సరిపడదు. అందుకే కొత్త టెలిస్కోపులను భూమి నుంచి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడు ఎప్పుడూ ఒకే పక్క ఉండే ఎల్2 అనే చోటికి పంపుతారు. అక్కడ కూడా ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రం వైపు తిరిగినప్పుడు ఎండ పడే కోణం మారుతుంది. అద్దం ఉష్ణోగ్రతను డిగ్రీలో వెయ్యో వంతు తేడాతో నిలబెట్టే హీటర్లు, వేడికి దాదాపు సాగని ప్రత్యేక గాజు, ముక్కల మధ్య ఎడాన్ని లేజర్లతో నిరంతరం కొలిచే ఏర్పాటు, ఇవన్నీ ఆ తేడాను అణచడానికే. ఉపగ్రహాన్ని తిప్పే చక్రాల కంపనం అద్దానికి చేరకుండా ఆపడం మరో పెద్ద పని. చక్రాలకు బదులు అతి సన్నని వాయుధారలతో తిప్పవచ్చా అన్నది కూడా పరిశీలించారు. నక్షత్రాల స్థానాలను కొలిచిన ఐరోపా వారి గయా ఉపగ్రహం అలాంటి ధారలతోనే ఏళ్ల తరబడి నిలకడగా పనిచేసింది.

అద్దం ముక్కలుగా ఉండాలా, ఏకంగా ఉండాలా అన్న వాదన కూడా ఇక్కడికే వస్తుంది. రాకెట్ ముక్కు లోపల పట్టే వెడల్పుకు హద్దు ఉండటంతో వెబ్ టెలిస్కోపు 6.5 మీటర్ల అద్దాన్ని 18 ముక్కలుగా చేసి, మడిచి, 2021 డిసెంబరు 25న పంపారు. ముక్కల మధ్య సందులు, ఎదురుగా ఉన్న చిన్న అద్దాన్ని మోసే కాళ్లు కాంతిని అదనంగా చెదరగొడతాయి. వెబ్ ఫొటోల్లో ప్రతి నక్షత్రానికీ కనిపించే పదునైన ముళ్లు వాటి పుణ్యమే. కాబట్టి చిన్న అద్దాన్ని పక్కకు జరిపి, పెద్ద అద్దం ముందు ఏ అడ్డూ లేకుండా చేసే నమూనాలు కరోనాగ్రాఫ్‌కు బాగా నప్పుతాయి.

నీడలో నిలబడే మార్గం

ఇంత నిలకడ అవసరం లేని దారి ఒకటుంది. నక్షత్రపు కాంతి టెలిస్కోపులోకి రాకముందే దాన్ని బయటే ఆపేయడం. 1962లో లైమన్ స్పిట్జర్ అనే అమెరికా శాస్త్రవేత్త ఈ ఆలోచన చెప్పాడు. టెలిస్కోపుకు వేల కిలోమీటర్ల ముందు ఒక తెరను నిలిపి, దాని నీడలో టెలిస్కోపును ఉంచితే నక్షత్రం మరుగున పడుతుంది, పక్కనున్న గ్రహం కనబడుతుంది. అయితే ఆ తెర గుండ్రంగా ఉంటే పనికిరాదు. గుండ్రటి తెర చుట్టూ వంగిన కాంతి సరిగ్గా నీడ నడిమధ్యలో ఒక ప్రకాశవంతమైన చుక్కగా కలుస్తుందని 1818లోనే, కాంతి తరంగమన్న ఫ్రెస్నెల్ సిద్ధాంతాన్ని ఎగతాళి చేయబోయి పాయ్‌సన్ లెక్కగట్టాడు. ఆరాగో ప్రయోగం చేసి చూస్తే ఆ చుక్క నిజంగానే కనిపించింది. టెలిస్కోపును నిలపాల్సిన చోటే వెలుగు ఉంటుందన్నమాట. అందుకే స్టార్‌షేడ్ అనే ఈ తెరకు పొద్దుతిరుగుడు పువ్వులా చుట్టూ మొనదేలిన రేకలు పెడతారు. ఆ రేకల అంచు వంపును లెక్క ప్రకారం తీర్చితే వంగిన కాంతులు నడిమధ్యలో ఒకదాన్నొకటి చెరిపేస్తాయి.

హాబెక్స్ అనే ప్రతిపాదన కోసం లెక్కవేసిన స్టార్‌షేడ్ వెడల్పు 52 మీటర్లు, టెలిస్కోపు నుంచి దాని దూరం 76,600 కిలోమీటర్లు. ఆ దూరంలో రెండూ ఒక మీటరుకు మించి పక్కకు తప్పకుండా ఒకే వరుసలో ఉండాలి. రెండు వాహనాలు కలిసి కృత్రిమ గ్రహణం చేయగలవని చూపిన ఘనత మాత్రం శ్రీహరికోట గడ్డ మీద నుంచే మొదలైంది. 2024 డిసెంబరు 5న పీఎస్ఎల్వీ మోసుకెళ్లిన ఐరోపా ప్రోబా-3 జంట ఉపగ్రహాల్లో ఒకటి 1.4 మీటర్ల బిళ్లతో సూర్యుడిని కప్పుతుంది, 150 మీటర్ల వెనుక రెండోది ఆ నీడలో నిలబడి కరోనా ఫొటో తీస్తుంది. మిల్లీమీటర్ల ఖచ్చితత్వంతో అవి వరుసలో నిలిచాయి, 2025 జూన్‌లో తొలి చిత్రాలు వెలువడ్డాయి. 150 మీటర్లకూ 76,600 కిలోమీటర్లకూ పోలిక లేదు గానీ, ఈ పద్ధతి కాగితం మీది ఊహ కాదని చూపడానికి అది చాలు.

స్టార్‌షేడ్‌కు ఉన్న అసలు లోపం తిరుగుడు. ఇంకో నక్షత్రాన్ని చూడాలంటే ఆ 52 మీటర్ల పువ్వు వేల కిలోమీటర్లు ప్రయాణించాలి, దానికి రోజులో వారాలో పడుతుంది, ప్రతిసారీ ఇంధనం ఖర్చవుతుంది. వందల నక్షత్రాలను వెతకడానికి అది అనువైనది కాదు. దొరికిన గ్రహాన్ని తీరిగ్గా చదవడానికి మాత్రం అంతకు మించినది లేదు. కాబట్టి ముందు కరోనాగ్రాఫ్‌తో వెతికి, తర్వాత ఎప్పుడైనా స్టార్‌షేడ్ పంపినా కలిసి పనిచేసేలా టెలిస్కోపును మొదటి నుంచే తయారుచేయడం తెలివైన పని అని నాకు అనిపిస్తుంది.

మూడో దారి పరారుణ కాంతిలో చూడటం. పది మైక్రాన్ల (పది వేల నానోమీటర్ల) తరంగదైర్ఘ్యం దగ్గర భూమి తన సొంత వేడితో ప్రకాశిస్తుంది, సూర్యుడితో నిష్పత్తి కోటిలో ఒక వంతుకు చేరుతుంది. అంటే పని వెయ్యి రెట్లు సులువు. కానీ తరంగం ఇరవై రెట్లు పొడుగు కాబట్టి అంతే సూక్ష్మంగా విడదీయడానికి అద్దం ఇరవై రెట్లు పెద్దదవ్వాలి. అది కుదరదు గనుక వేర్వేరు టెలిస్కోపులను దూరంగా ఎగరేసి, వాటి కాంతులను కలిపి నక్షత్రాన్ని రద్దు చేయాలని 1978లో రోనాల్డ్ బ్రేస్‌వెల్ సూచించాడు. ఐరోపా వారి డార్విన్, నాసా వారి టెరెస్ట్రియల్ ప్లానెట్ ఫైండర్ ఆ ఆలోచన మీద ఏళ్ల తరబడి పనిచేసి ఆగిపోయాయి.

ఇప్పుడున్నవి, రాబోయేవి

ఇప్పటిదాకా ఫొటోలకు దొరికిన గ్రహాలు దాదాపు అన్నీ ఇంకా చల్లారని యువ గ్రహాలు, తమ నక్షత్రాలకు ఎంతో దూరంగా తిరిగేవి. 2008లో భూమి మీది టెలిస్కోపులతో హెచ్ఆర్ 8799 అనే నక్షత్రం చుట్టూ మూడు, ఆ తర్వాత నాలుగోది కనబడ్డాయి. 2025లో వెబ్ పట్టుకున్న టీడబ్ల్యూఏ 7 బి దాదాపు శనిగ్రహమంత బరువు గలది. ఫొటోలో పట్టుబడిన అతి తేలికైన గ్రహాల్లో అది ముందు వరుసలో ఉంది. వెబ్ ఇంతకు మించి భూమి వంటి గ్రహాన్ని ఎందుకు చూడలేదంటే, అది పనిచేసే పరారుణ తరంగాలకు 6.5 మీటర్ల అద్దం కూడా చిన్నదే. నాలుగు మైక్రాన్ల దగ్గర మనం చెప్పుకున్న పదో వంతు ఆర్క్ సెకను నక్షత్రపు మచ్చలోనే కలిసిపోతుంది.

ఈ విషయంలో తొందరపాటు ఎంత ప్రమాదమో ఫోమల్‌హాట్ కథ చెబుతుంది. ఆ నక్షత్రం దగ్గర గ్రహం కనిపించిందని 2008లో హబుల్ చిత్రాల ఆధారంగా ప్రకటించారు. తర్వాతి ఏళ్లలో ఆ చుక్క క్రమంగా వ్యాపిస్తూ మసకబారింది. అది గ్రహం కాదని, రెండు శకలాలు ఢీకొనగా లేచిన ధూళి మేఘమని 2020లో వెలువడిన పరిశోధన తేల్చింది. నక్షత్రాల చుట్టూ ఉండే ధూళి ఇలా మోసం చేయడమే కాదు, తన మసక వెలుగుతో గ్రహాన్ని ముంచేస్తుంది కూడా. అందుకే కనిపించిన ప్రతి చుక్కనూ నెలల తర్వాత మళ్లీ చూసి, అది నక్షత్రంతో పాటు కదులుతోందా, దాని చుట్టూ తిరుగుతోందా అని తేల్చుకోవాలి.

తర్వాతి మెట్టు నాసా వారి నాన్సీ గ్రేస్ రోమన్ టెలిస్కోపు, దాన్ని 2027 మే లోపల ప్రయోగించాలన్నది లక్ష్యం. 2.4 మీటర్ల దాని అద్దం అమెరికా నిఘా ఉపగ్రహ సంస్థ ఇచ్చేసినది, గ్రహాల కోసం చేసినది కాదు. ఆ అద్దం ముందు నిలిచే చిన్న అద్దం, దాన్ని మోసే కాళ్లు కరోనాగ్రాఫ్‌కు తలనొప్పే. అయినా వంగే అద్దాలు రెండింటిని, ఒక్కొక్కదానికి 48 వరుసల్లో 48 చొప్పున 2,304 కడ్డీలతో, అంతరిక్షంలో మొదటిసారి పూర్తి స్థాయిలో పరీక్షించబోయేది అక్కడే. కోటిలో ఒక వంతు స్థాయికి చేరితే చాలని నియమం పెట్టుకున్నారు, దానికి పది నుంచి వంద రెట్లు మెరుగ్గా రావచ్చని ఆశిస్తున్నారు. గురుగ్రహం వంటివి కొన్ని దొరికే అవకాశం ఉంది. భూమి వంటిది దానికి అందదు.

భూమి వంటివాటి కోసం అమెరికా ఖగోళ శాస్త్రవేత్తలు 2021 దశాబ్ద నివేదికలో (పదేళ్లకోసారి తమ ప్రాధాన్యాలను చెప్పే పత్రంలో) సూచించిన టెలిస్కోపుకు ఇప్పుడు హ్యాబిటబుల్ వరల్డ్స్ అబ్జర్వేటరీ అని పేరు. అద్దం సుమారు ఆరు మీటర్లు, అంచనా ఖర్చు 1,100 కోట్ల డాలర్లు, ప్రయోగం 2040ల్లో. ఆ ఆరు మీటర్లు అన్నది ఎవరి ఇష్టాన్ని బట్టో వచ్చిన అంకె కాదు. నీరు ద్రవంగా ఉండగల దూరంలో తిరిగే గ్రహాలను కనీసం పాతికైనా చదవాలని ముందు నిర్ణయించుకున్నారు. అలాంటి గ్రహాల్లో పదింట ఒకదానిపై జీవం ఉందనుకుంటే, పాతిక గ్రహాలు చూసీ ఒక్కటీ తగలకపోయే అవకాశం నూటికి ఏడే. కాబట్టి ఏమీ దొరక్కపోయినా అదీ ఒక సమాధానమే అవుతుంది. పాతిక గ్రహాలు కావాలంటే వంద చిల్లర నక్షత్రాలను వెతకాలి, అన్ని నక్షత్రాలు అందాలంటే అంత దూరం చూడాలి, అంత దూరం చూడాలంటే ఆ చిన్న కోణాన్ని విడదీసే అద్దం కావాలి.

ఇంతా చేసి వచ్చే ఫొటోలో ఖండాలు, సముద్రాలు కనబడవు. భూమిని ముప్పై కాంతి సంవత్సరాల నుంచి చుక్కగా కాక చిన్న బింబంగా చూడాలంటే పదమూడు కిలోమీటర్ల అద్దం కావాలి. దొరికేది ఒక్క చుక్కే, కానీ ఆ చుక్క వెలుగును రంగులుగా విడదీస్తే 760 నానోమీటర్ల దగ్గర ఆక్సిజన్, 940 దగ్గర నీటి ఆవిరి తమ గుర్తులు వదులుతాయి. ఆక్సిజన్ ఒక్కటే కనబడితే సరిపోదు, ఎందుకంటే నక్షత్రపు అతినీలలోహిత కాంతి నీటిని విడగొట్టి, హైడ్రోజన్ పారిపోతే జీవం లేకుండానే ఆక్సిజన్ మిగలవచ్చు. ఆక్సిజన్ ఉన్నచోటే మీథేన్ కూడా నిలిచి ఉంటే దాన్ని జీవం నిరంతరం అందిస్తోందని అనుమానించడానికి బలమైన ఆధారం. ఆక్సిజన్ తక్కువగా ఉన్న గ్రహాలపై దాని జాడను ఓజోన్ పట్టిస్తుంది, ఓజోన్ బలంగా కనిపించేది అతినీలలోహిత కాంతిలో.

ఇక్కడే అద్దం పూత దగ్గర ఇంకా తెగని తగువు ఒకటి మిగిలింది. వెండి పూత కంటికి కనిపించే కాంతిని అల్యూమినియం కంటే బాగా తిప్పికొడుతుంది, ఒక్కో ఫోటాన్‌నూ ఏరుకునే కరోనాగ్రాఫ్‌కు అది లాభం. కానీ వెండి అతినీలలోహిత కాంతిని మింగేస్తుంది. అల్యూమినియం దాన్ని తిప్పికొడుతుంది గానీ 800 నానోమీటర్ల చుట్టుపక్కల కొంత కాంతిని పోగొడుతుంది, అంటే ఆక్సిజన్, నీటి ఆవిరి గుర్తుల పొరుగునే. ఓజోన్‌ను చూసే పనీ, మిగిలిన ఖగోళ శాస్త్రానికి అతినీలలోహిత పరిశీలనలు ఇచ్చే బాధ్యతా ఇదే టెలిస్కోపుది కాబట్టి, ప్రధాన అద్దానికి అల్యూమినియం వేసి, కరోనాగ్రాఫ్ లోపలి చిన్న అద్దాలకు వెండి వేసే మార్గం వైపు రూపకర్తలు మొగ్గు చూపుతున్నారు.